రాడ్డు వేసిన కాలికి చీము పడితే

వైద్య సహాయం కోరుతూ మన సొసైటీకి వచ్చే అర్జీల్లో గుండె ఆపరేషన్, డయాలసిస్, క్యాన్సర్ మందులు అని ఉంటే దాతలు పెద్దగా ప్రశ్నలు వేయరు. పేరు వింటేనే జబ్బు ఎంత పెద్దదో తెలిసిపోతుంది. కానీ "కాలికి రాడ్డు వేశారు, ఎనిమిది నెలలైంది, చీము కారుతోంది, మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలంటున్నారు" అన్న అర్జీ వచ్చినప్పుడు చాలామంది కాస్త ఆగుతారు. ఒకసారి ఆపరేషన్ అయింది కదా, మళ్ళీ ఎందుకు? డాక్టరు సరిగా చెయ్యలేదా? వీళ్ళు మందులు వాడలేదా? ఈసారైనా నయమవుతుందని నమ్మకమేమిటి? ఇవన్నీ అడగదగ్గ ప్రశ్నలే. డబ్బిచ్చేవారికి అడిగే హక్కుంది.

నేను డాక్టర్ని కాను. పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పుకునే బడిపంతుల్ని. అయితే ఈ ప్రశ్నలకు జవాబులో వైద్యం ఎంత ఉందో, ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్సు కూడా అంతే ఉంది. అందుకని నాకు తెలిసినంత మేర, తరగతిలో చెప్పినట్టే చెబుతాను.

మద్దిలపాలెంలో ఉండేవాళ్ళకి రోడ్డు ప్రమాదం కొత్త సంగతి కాదు. జాతీయ రహదారి 16 మన మధ్యలోంచే పోతుంది. పోర్టు ట్రెయిలర్లు, స్టీలు లోడు లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, వాటి మధ్య సందు చూసుకుని దూరే మోటారు సైకిళ్ళు. పడినవాడికి ముందుగా దెబ్బ తగిలేది కాలికే. పనిచోట సంగతీ అంతే. క్రేను కింద, కన్వేయరు పక్కన, ఓడ సరుకు దింపేచోట బరువు జారితే నలిగేది కాలో చెయ్యో. 1923 నుంచి ఉన్న మన కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు నగరం నుంచే కాదు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు, అరకు కొండల నుంచి కూడా వస్తారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి దారిలోనే గంటలు గడిచిపోతాయి. ఆ గంటల సంగతి తర్వాత చెబుతాను.

ఎముక విరగడంలో రెండు రకాలున్నాయి. చర్మం చెక్కుచెదరకుండా లోపల విరగడం ఒకటి. చర్మం చిట్లి, విరిగిన ఎముకకూ బయటి గాలికీ దారి ఏర్పడడం రెండోది. మనవాళ్ళకి పుత్తూరు కట్టు మీద గట్టి నమ్మకం. లోపల విరిగి, ముక్కలు పెద్దగా కదలని చోట ఎముక దానంతట అదే అతుక్కుంటుంది. కట్టు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, అంతవరకు మంచిదే. కానీ చర్మం చిట్లిన చోట ఆకు పసరు, గుడ్డు సొన పూసి బిగించి కట్టడమంటే లోపలున్న మట్టినీ క్రిములనూ మూటకట్టి దాచడమే. ఆ రెండో రకానికి నాటుకట్టు పనికిరాదు. ఈ ఒక్క మాట పది ఇళ్ళకు చేరినా కొన్ని కాళ్ళు మిగులుతాయని నా అభిప్రాయం.

మోకాలి కింద ముందువైపు ఒకసారి చేత్తో తడిమి చూడండి. చర్మం, దాని కిందే ఎముక. మధ్యలో కండ లేదు. డాక్టర్లు టిబియా అనే ముంగాలి ఎముక అది. పిక్కవైపు కండ ఉంది కానీ ముందువైపు పలచటి చర్మమే. ఎముకకు రక్తం చుట్టూ ఉన్న కండల నుంచి, పైనున్న పొర నుంచి కూడా అందుతుంది. కండ లేనిచోట రక్తం తక్కువ. రక్తం తక్కువైన చోట మానడమూ ఆలస్యం, క్రిములతో పోరాటమూ కష్టం. అందుకే చీము పట్టిన ఎముకల అర్జీల్లో ఎక్కువ భాగం మోకాలి కిందివే ఉంటాయి.

చర్మం చిట్లిన విరుగుళ్ళను తీవ్రతను బట్టి మూడు రకాలుగా విడగొట్టిన పద్ధతి ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అమెరికాలో పనిచేసిన గస్టిలో, ఆండర్సన్ అనే ఇద్దరు డాక్టర్లు 1976లో దాన్ని ప్రకటించారు. సెంటీమీటరు లోపు శుభ్రమైన గాయమైతే మొదటి రకం. కండ నలిగి, ఎముక ముక్కలై, గాయం పెద్దదైతే మూడో రకం. మొదటి రకంలో చీము పట్టేది నూటికి ఇద్దరికి మించదనీ, మూడో రకంలో పదిమంది నుంచి యాభైమంది దాకా ఉండొచ్చనీ వైద్య గ్రంథాలు చెబుతాయి. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి వైద్యులు కూడా ఇలాంటి తీవ్రమైన గాయాలకు మార్కులు వేసే పద్ధతి ఒకటి తయారుచేశారు. మన దేశపు రోడ్ల అనుభవంలోంచి పుట్టిన ఆ పద్ధతిని ఇతర దేశాల వైద్యులూ వాడుతున్నారు. ఇక్కడ దాతలు గమనించవలసింది ఒకటుంది. డాక్టరు ఎంత నేర్పరి అయినా, రోగి ఎంత క్రమశిక్షణతో ఉన్నా, మూడో రకం గాయంలో కొందరికి చీము పడుతుంది. అది ప్రతిసారీ ఎవరో ఒకరి తప్పు కాదు.

ఇప్పుడు గంటల సంగతి. చర్మం చిట్లి ఎముక విరిగినవాడికి సూది ద్వారా మొదటి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. గంటలోపు పడాలని నియమం. ఆ తర్వాత ఆపరేషన్ గదిలో గాయాన్ని లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి, చచ్చిన కండను కోసేసి, అప్పుడు ఎముకను నిలబెడతారు. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడు లారీ క్లీనరుగా వెళ్ళేవాడు. లారీకీ గోడకీ మధ్య కాలు నలిగింది. దగ్గర్లో ఎవరో పైపైన తుడిచి, కుట్లు వేసి, పిండికట్టు కట్టి పంపేశారు. మూడో రోజు జ్వరం, ఐదో రోజు కట్టులోంచి వాసన. పెద్దాసుపత్రికి వచ్చేసరికి కండ నల్లబడింది. కుట్లు వేసినందుకు తల్లి ఆ చిన్న ఆసుపత్రివాళ్ళకి కృతజ్ఞతలు చెప్పుకుంది పాపం. మూసేయడం మంచిదనే కదా ఎవరైనా అనుకుంటారు! మురికి గాయాన్ని మూసేయకూడదు, కడిగి తెరిచి ఉంచాలి అన్నది మామూలు బుద్ధికి తోచని విషయం.

ఇక రాడ్డు దగ్గరకు వద్దాం. పొడవాటి ఎముకల మధ్యలో మూలుగ ఉండే బోలు గొట్టం ఉంటుంది. విరిగిన రెండు ముక్కలనూ కలుపుతూ ఆ బోలులోకి లోహపు రాడ్డు దింపే పద్ధతికి దారి వేసింది జర్మనీ డాక్టరు గెర్హార్డ్ కూన్‌చర్. 1939లో కీల్ నగరంలో మొదలుపెట్టాడు. అంతకుముందు నెలల తరబడి మంచం మీద బరువులు కట్టుకుని పడి ఉండవలసిన మనిషి, ఈ రాడ్డుతో త్వరగా లేచి నడవగలిగాడు. ఇవాళ మన ఊళ్ళో "రాడ్డు వేశారు" అంటే చాలావరకు అదే పద్ధతి. ఎంతో మేలు చేసిన పద్ధతి. కానీ దానితో ఒక ఇబ్బంది ఉంది. రాడ్డు ప్రాణం లేని వస్తువు. దానికి రక్తం లేదు.

ఇంట్లో నీళ్ళ తొట్టె గోడకు పట్టే పాచి గుర్తుచేసుకోండి. నీళ్ళు పారబోసినా పోదు. వేలితో రుద్దితే జారుతుంది కానీ వదలదు. బాక్టీరియా కూడా అంతే. గాలిలో, నీటిలో విడివిడిగా తిరిగేటప్పుడు ఒకలా ఉంటాయి, గట్టి ఉపరితలం దొరికి స్థిరపడినప్పుడు ఇంకోలా ఉంటాయి. స్టీలు మీదో, టైటానియం మీదో, చచ్చిన ఎముక ముక్క మీదో అతుక్కున్నాక కొద్ది గంటల్లోనే తమ చుట్టూ జిగురు లాంటి పొర అల్లుకోవడం మొదలుపెడతాయి. దాన్ని బయోఫిల్మ్ అంటారు. ఆ జిగురులో కూర్చున్న బాక్టీరియాను చంపాలంటే, విడిగా తిరిగేదాన్ని చంపడానికి కావలసిన మందుకు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాలి. అంత మందు రక్తంలోకి ఎక్కిస్తే ముందు పోయేది మూత్రపిండాలు. ఆంథొనీ గ్రిస్టినా అనే అమెరికన్ వైద్యుడు 1987లో దీన్ని ఒక పరుగు పందెంగా వర్ణించాడు. లోపల పెట్టిన లోహం ఉపరితలం కోసం మన శరీరకణాలూ బాక్టీరియా పోటీపడి పరుగెత్తుతాయి. ముందు మన కణాలు చేరితే ఇల్లు మనది. బాక్టీరియా ముందు చేరితే వాటిది.

ఇంకో విషయం చాలా ఆశ్చర్యకరమైనది. ఎముక పైకి రాయిలా కనిపించినా లోపల అతి సన్నని కాలువలుంటాయి. ఎముక కణాలు ఒకదానికొకటి ఆహారం, సంకేతాలు అందించుకునే దారులవి. చీముకు ముఖ్య కారణమైన స్టెఫైలోకాకస్ అనే గుండ్రటి బాక్టీరియా సైజు మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ కాలువలు అంతకన్నా సన్నం. అయినా ఆ గుండ్రటి జీవి తన ఆకారాన్ని సాగదీసుకుని ఆ కాలువల్లోకి పాకిపోతోందని అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వారు 2017లో ఎలుకల ఎముకల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి చెప్పారు. మన రక్తకణాలు అంత సన్నటి సందులోకి వెళ్ళి దాన్ని పట్టుకోలేవు. ఎప్పుడో మానిందనుకున్న ఎముక ఏళ్ళ తర్వాత మళ్ళీ వాచి చీము కారడానికి ఇదొక కారణమని అనుకుంటున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మాత్రలు, సూదులు వాడినా ఎందుకు తగ్గలేదు? మందు రక్తంలోనే ప్రయాణిస్తుంది. వేసవిలో నీళ్ళ ట్యాంకరు మన వీధి చివరి వరకు వస్తుంది, ఇరుకు సందులో ఉన్న ఇంటికి రాలేదు. ట్యాంకర్లు రెండు పంపినా, పది పంపినా ఆ ఇంటికి నీళ్ళు చేరవు. చచ్చిన ఎముకకు రక్తనాళాలు లేవు, రాడ్డుకు అసలే లేవు. మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది, ఎర్రదనం తగ్గుతుంది, చీము కొన్నాళ్ళు ఆగుతుంది. ఆపగానే మళ్ళీ మొదలు. రోగి మందులు వాడలేదని మనం అనుకుంటాం. వాడాడు, చేరవలసిన చోటికి చేరలేదు.

అలాంటప్పుడు మందునే తీసుకెళ్ళి ఆ ఇంట్లో పెడితే? ఈ ఆలోచన మొదట తుంటి కీలు మార్పిడి ఆపరేషన్లలో అమలైంది. కృత్రిమ కీలును ఎముకకు పట్టించడానికి ఒక రకం సిమెంటు వాడతారు. కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే అక్రిలిక్ లాంటిదే అది. పొడి ఒక పొట్లంలో, ద్రవం ఒక సీసాలో వస్తాయి. కలిపితే ముద్ద అవుతుంది, వేడెక్కుతుంది, పది పన్నెండు నిమిషాల్లో రాయి అవుతుంది. జర్మనీలోని హాంబర్గ్‌లో బుక్‌హోల్జ్ అనే సర్జన్ ఆ పొడిలో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపాడు. గట్టిపడిన సిమెంటులోంచి మందు మెల్లగా ఊరి బయటికి వస్తోందని తన సహచరుడితో కలిసి 1970లో ప్రకటించాడు. ఆ దశాబ్దంలోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో క్లెమ్ అనే వైద్యుడు ఆ సిమెంటుతో చిన్న పూసలు చేసి, తస్బీహ్‌లా తీగకు గుచ్చి, చీము పట్టిన ఎముక గుంటల్లో పెట్టడం మొదలుపెట్టాడు.

సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కనుక ప్రతి మందూ దీనికి పనికిరాదు. వేడికి చెడని మందు కావాలి. జెంటామైసిన్, టోబ్రామైసిన్, వాంకోమైసిన్ అలాంటివి. వాంకోమైసిన్‌ను తయారుచేసే సూక్ష్మజీవి 1950ల మొదట్లో బోర్నియో దీవి అడవి మట్టిలో దొరికింది. యాంటీబయాటిక్స్ చాలావరకు ఇలా మట్టిలోంచే వచ్చాయి. ఇక్కడ మనవాడొకరిని తలచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన కాలంలోనే ఆరియోమైసిన్ వచ్చింది. 1948లో ప్రకటించిన ఆ మందు టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఆ జాతి మందులకు ఒక వింత గుణం ఉంది. ఎముకలోని కాల్షియంకు అతుక్కుంటాయి. చిన్నపిల్లలకు ఇస్తే పళ్ళు పచ్చబడతాయని ఇవ్వరు, దానికి కారణం అదే.

పూసలు గుంటను నింపగలవు కానీ విరిగిన ఎముకను నిలబెట్టలేవు. చీము పట్టిన కాలిలో రెండు సమస్యలు ఒకేసారి ఉంటాయి. క్రిములు పోవాలి, ఎముక కదలకుండా ఉండాలి. ఎముక కదులుతుంటే చీము తగ్గదు, చీము ఉంటే ఎముక అతకదు. ఈ రెండింటినీ ఒకే వస్తువుతో చెయ్యడానికే మందు సిమెంటు పూసిన రాడ్డు. అమెరికాలోని బాల్టిమోర్‌లో పేలీ, హెర్జెన్‌బర్గ్ అనే సర్జన్లు 2002లో దీన్ని చేసే విధానాన్ని వివరంగా రాశారు. ఆ తర్వాత మన దేశంలో ఇది బాగా వ్యాపించింది. వ్యాపించడానికి కారణం ఉంది. దీన్ని కొనక్కర్లేదు, ఆపరేషన్ టేబుల్ పక్కనే చేత్తో చేసుకోవచ్చు.

ఎలా చేస్తారో చెబుతాను. ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు తీయడానికి గుచ్చే ప్లాస్టిక్ గొట్టం ప్రతి ఆసుపత్రిలో ఉంటుంది. రోగి ఎముక బోలు ఎంత ఉందో కొలిచి, దానికన్నా కాస్త సన్నటి గొట్టం తీసుకుంటారు. లోపల శుద్ధిచేసిన నూనె పూస్తారు, పాలకోవా అచ్చుకు నెయ్యి రాసినట్టు. నలభై గ్రాముల సిమెంటు పొడికి సాధారణంగా 2 నుంచి 4 గ్రాముల వాంకోమైసిన్ కలుపుతారు. వచ్చిన క్రిమిని బట్టి జెంటామైసిన్ కూడా చేరుస్తారు. ద్రవం పోసి కలిపి, ముద్ద ఇంకా జారుగా ఉండగానే గొట్టంలోకి ఎక్కించి, మధ్యలోకి సన్నని స్టీలు రాడ్డు దింపుతారు. వేడి తగ్గి గట్టిపడ్డాక బ్లేడుతో గొట్టాన్ని నిలువునా చీల్చి తొక్కలా ఒలిచేస్తారు. లోపల నున్నటి తెల్లని కడ్డీ. నడిమి రాడ్డుకు మరచుట్లు ఉంటే సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి రాడ్డైతే, తర్వాత బయటికి లాగేటప్పుడు సిమెంటు తెగి లోపలే ఉండిపోయే ప్రమాదముంది. అది పెద్ద తలనొప్పి అట. అందుకని చేయి తిరిగిన సర్జన్లు ఈ చిన్న విషయంలో చాలా పట్టుదలగా ఉంటారు.

అయితే రాడ్డు పెట్టడం ఈ ఆపరేషన్‌లో సగమే. అసలు పని అంతకుముందే జరగాలి. పాత రాడ్డు తీసేయాలి. మూలుగ బోలును లోపలినుంచి గీకి, కడగాలి. చచ్చిన ఎముకను, రక్తపు చుక్కలు కనిపించే దాకా, తొలగించాలి. ఇందులో మొహమాటపడితే ఏ మందూ పనిచేయదు. పాచి తీయకుండా తొట్టెలో బ్లీచింగ్ పౌడర్ వేసినట్టే. గీకేసరికి కొందరికి రెండు మూడు అంగుళాల ఎముక పోతుంది. ఇంట్లోవాళ్ళు భయపడతారు: "ఉన్న ఎముక కూడా తీసేశారు మాస్టారూ!" తీయవలసిందే. పోయిన ఎముకను మళ్ళీ పెంచే దారులున్నాయి. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే వైద్యుడు 1950ల్లో రింగులు, తీగలతో ఎముకను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరిపి పెంచే పద్ధతి కనిపెట్టాడు. ఫ్రాన్సులో మాస్కెలే అనే సర్జన్ 1980ల్లో ఇంకో మార్గం చూపించాడు. సిమెంటు ముద్దను ఖాళీలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచితే దాని చుట్టూ శరీరం ఒక పొర అల్లుతుంది. సిమెంటు తీసేసి, ఆ పొర సంచిలో తుంటి దగ్గర తీసిన ఎముక ముక్కలు నింపితే అక్కడ కొత్త ఎముక పెరుగుతుంది.

మందు పూసిన రాడ్డులోంచి మొదటి కొద్దిరోజుల్లో మందు ఎక్కువగా వస్తుంది, తర్వాత వారాలపాటు తగ్గుతూ వస్తుంది. ఎముక దగ్గర చేరే మోతాదు సూది ద్వారా సాధ్యమయ్యేదానికి ఎన్నో రెట్లు. రక్తంలో మాత్రం కొద్దిగానే కనిపిస్తుంది కనుక మూత్రపిండాలకు ముప్పు తక్కువ. ముప్పు లేదని కాదు. మూత్రపిండాలు ముందే బలహీనంగా ఉన్నవాళ్ళకి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. చాలామందిలో ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత దాన్ని తీసి, మామూలు గట్టి రాడ్డు వేసి, అవసరమైతే ఎముక ముక్కలు పెడతారు. ఎందుకు తీస్తారు? మందు అయిపోయాక ఆ సిమెంటు కూడా మరో ప్రాణం లేని వస్తువే. పాచికి మళ్ళీ గోడ దొరికినట్టవుతుంది.

తీయనక్కర్లేని పదార్థం కూడా ఉంది. కాల్షియం సల్ఫేట్. నల్లబల్ల మీద నేను రోజూ అరగదీసే సుద్దముక్క చాలావరకు అదే. శుద్ధమైన రకంలో మందు కలిపి చిన్న గుళికలు చేసి గుంటలో పెడితే, వారాల్లో కరిగిపోతుంది, దానితోపాటు మందూ వెళ్తుంది. కొందరికి కొన్నాళ్ళు గాయంలోంచి తెల్లటి నీరు కారుతుంది. చీమనుకుని కంగారు పడతారు. ఇక ఫ్యాక్టరీలోనే జెంటామైసిన్ పూత వేసిన రాడ్లు యూరప్‌లో ఇరవై ఏళ్ళుగా వాడుతున్నారు. పూత కరిగిపోతుంది, గట్టి రాడ్డు మిగులుతుంది. వీటిని ముఖ్యంగా చీము రాకముందే, వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి వేస్తారు. జపాన్‌లోని కనజావాలో అయోడిన్ పట్టించిన టైటానియం వాడారు. ఇవి మంచివే కానీ ఖరీదు. చేత్తో చేసే సిమెంటు రాడ్డు మన దగ్గర నిలబడింది అందుకే.

దాతగా మీరు "ఇది నిజంగా పనిచేస్తుందా" అని అడిగితే, పూర్తి నిజాయితీగా చెప్పాలి. మందు సిమెంటు రాడ్డు గురించి వచ్చిన వ్యాసాల్లో చాలావరకు ఒక్కో ఆసుపత్రిలో కొన్ని పదుల మంది రోగుల అనుభవాలు. ఎక్కువమందిలో చీము తగ్గింది. కొందరికి రెండోసారి చేయవలసి వచ్చింది. ఎముక దగ్గరే మందు పెట్టడం గురించి పెద్ద పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. ముంగాలి ఎముక మోకాలి దగ్గరో చీలమండ దగ్గరో చితికి, చీము ప్రమాదం ఎక్కువున్న 980 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు గాయం మూసేముందు వాంకోమైసిన్ పొడి చల్లారు. ఆరు నెలల్లో లోతైన చీము చల్లనివారిలో నూటికి 9.8 మందికి వస్తే, చల్లినవారిలో 6.4 మందికి వచ్చింది. 2021లో ప్రకటించారు. అద్భుతం కాదు, కానీ ఆ తేడాలో కొన్ని కాళ్ళున్నాయి. ఇంకో పరీక్ష ఖర్చుకు సంబంధించినది. ఎముక, కీళ్ళ ఇన్ఫెక్షన్లకు ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు సూదులే ఇవ్వాలా, మాత్రలు చాలవా అని బ్రిటన్‌లో 1,054 మందిపై చూశారు. సరైన మాత్ర ఎంచుకుంటే ఫలితం సూదులకు తీసిపోలేదని 2019లో తేలింది. అంటే కొందరు రోగులు వారాల తరబడి ఆసుపత్రి మంచం మీద ఉండనక్కర్లేదు, ఇంటి దగ్గరే మందు వాడొచ్చు. ఎవరికి ఏది సరిపోతుందో నిర్ణయించేది మాత్రం డాక్టరే.

సరైన మాత్ర ఎంచుకోవాలంటే ఏ క్రిమి ఉందో తెలియాలి. పైన కారే చీమును దూదితో తీసి పరీక్షకు పంపితే చర్మం మీది క్రిముల పేర్లు వస్తాయి, లోపలివి రావు. ఆపరేషన్‌లో లోతునుంచి, వేర్వేరు చోట్ల నుంచి, కనీసం ఐదు ముక్కలు తీసి పంపాలి. దానికి రెండు వారాల ముందు నుంచి, రోగి స్థిమితంగా ఉంటే, యాంటీబయాటిక్స్ ఆపేయమంటారు. మందు ఆపితే ఇంట్లోవాళ్ళు "డాక్టరు పట్టించుకోవడం లేదు" అనుకుని మందుల షాపులో ఏదో ఒకటి కొని వేసేస్తారు. దానితో క్రిమి దాక్కుంటుంది, రిపోర్టు ఖాళీగా వస్తుంది. ఇలా షాపులో చెప్పిన మాత్రలు ఇష్టమొచ్చినట్టు వాడడం వల్ల కూడా మామూలు మందులకు లొంగని క్రిములు పెరుగుతున్నాయి. పొగాకు సంగతీ చెప్పాలి. కాలు తీవ్రంగా దెబ్బతిన్నవాళ్ళను అమెరికాలో పరిశీలిస్తే, పొగతాగేవారికి గాయంలో చీము పట్టే అవకాశం రెండింతలకు పైగా కనిపించింది. బీడీ తాగే రోగికి సహాయం చేసేటప్పుడు ఆ మాట గట్టిగా చెప్పడం దాతకు తగని పని కాదు. షుగరు అదుపులో లేకపోయినా కష్టమే.

ఇప్పుడు డబ్బు లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. మొదటి ఆపరేషన్‌కి అందరూ ముందుకొస్తారు. ప్రమాదం వార్త కొత్తగా ఉంటుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కూడా ఉంది. కానీ చీము పట్టిన ఎముకకు వైద్యం రెండు, మూడు, కొందరికి నాలుగు ఆపరేషన్లు. మధ్యలో వారాల విరామాలు. మొత్తం ఏడాది, ఏడాదిన్నర. మందు సిమెంటు రాడ్డు వేశాక చీము ఆగిపోతుంది, నొప్పి తగ్గుతుంది. అప్పుడే రోగి పనికి వెళ్ళిపోతాడు, రెండో ఆపరేషన్‌కి రాడు. ఎందుకు రాడంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అప్పులవాడు. పాడేరు నుంచి బస్సులో ఇద్దరు వచ్చి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు వేరే. రాడ్డు లోపలే ఉండిపోతుంది, మందు అయిపోతుంది, సన్నటి రాడ్డు బరువుకు వంగుతుంది లేదా విరుగుతుంది, ఏడాదికి చీము మళ్ళీ. మొదట పెట్టిన సొమ్మంతా మట్టిపాలు.

నేను చెప్పిన ఆ క్లీనరు కుర్రాడికి రెండో ఆపరేషన్ తేదీ వచ్చినప్పుడు వాడు విజయనగరం దగ్గర ఇటుకబట్టీలో కూర్చుని పని చేస్తున్నాడు. తేదీ గుర్తుపెట్టుకున్నది వాళ్ళ అమ్మ. మూడు నెలల బియ్యం, ఛార్జీలు ఒకరు చూసుకున్నాక వచ్చాడు. గట్టి రాడ్డు వేశారు. ఇప్పుడు కొద్దిగా కుంటుతాడు, ఆటో నడుపుతున్నాడు.

కాబట్టి ఇలాంటి అర్జీ వచ్చినప్పుడు ఒక్క ఆపరేషన్‌కి పెద్ద మొత్తం ఇచ్చి ముగించడం కన్నా, అదే సొమ్మును ఏడాదికి విడదీసి, చివరి ఆపరేషన్ అయ్యేదాకా నెలనెలా ఇస్తే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం. అర్జీతో పాటు కొన్ని కాగితాలు అడగండి. ఏ ఎముక, ఎప్పుడు విరిగింది, చర్మం చిట్లిందా అని రాసిన మొదటి డిశ్చార్జి కాగితం. ఆపరేషన్‌లో తీసిన ముక్కల కల్చర్ రిపోర్టు. లోపల పెట్టిన రాడ్డు ఏ కంపెనీదో, ఏ సైజుదో తెలిపే స్టిక్కరు. అది లేకపోతే తర్వాత దాన్ని తీసే పరికరం దొరక్క సర్జన్లు అవస్థ పడతారు. ఇంకా, రెండో ఆపరేషన్ ఎప్పుడో డాక్టరు రాసిన తేదీ. ఆ తేదీని మన సొసైటీ రిజిస్టరులో కూడా రాసుకుని, వారం ముందు రోగి ఇంటికి ఫోను చేసే బాధ్యత ఒకరు తీసుకోవాలి. రిటైరయ్యాక ఆ పని నాకిస్తే చేస్తాను.